ఆరిన పొయ్యి, ఆరని గోడ

ఆగస్టు నెల. పది రోజులుగా ఒక్క చినుకు లేదు. అయినా పాత ఇంటి మేడమీది పడకగదిలో, ఎన్నడో మూసివేసిన చిమ్నీ దాగిన గోడమీద, పళ్ళెమంత మరక మళ్ళీ తేలుతుంది. నడుమ పలచని తేనీటి రంగు, అంచున ముదురు గోధుమరంగు గీత. చేత్తో తాకితే చెమ్మ. అక్టోబరులో గాలి పొడిబారగానే చెమ్మ పోతుంది, మరక మిగులుతుంది. పైన వేసిన రంగు రెండో వేసవికి పొక్కులు కడుతుంది. బోస్టన్, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, క్లీవ్‌లండ్ వంటి నగరాలలో నూరేళ్ళ నాటి ఇళ్ళు కొనుక్కున్నవారికి ఇది పరిచయమైన దృశ్యమే.

కప్పు కారుతోందన్నది అందరికీ మొదట తోచే కారణం. చాలాసార్లు అది నిజమే. కానీ కప్పు మార్పించిన తరువాత కూడా మరక తిరిగివచ్చే ఇళ్ళున్నాయి. వానకూ మరకకూ పొంతన కుదరని చోట కారణాన్ని ఇంటి గతంలో వెతకాలి. ఆ పొయ్యిలో ఏ ఇంధనం మండింది, దాన్ని ఎప్పుడు ఆర్పారు, ఆర్పిన తరువాత ఆ గొట్టంలోకి ఇంకేమి పంపారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే మరకకు అర్థం దొరుకుతుంది. ఈ చిన్న గృహసమస్య వెనుక అమెరికా ఇంధన చరిత్ర రెండున్నర శతాబ్దాల మేర పరుచుకొని ఉంది.

వైద్యుడికి రాసిన ఉత్తరం

1785 ఆగస్టులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫ్రాన్సులో దౌత్యం ముగించుకొని ఓడలో ఫిలడెల్ఫియాకు తిరిగివస్తున్నాడు. అప్పటికి ఆయన వయసు డెబ్భై తొమ్మిది. నడిసముద్రంలో కూర్చొని వియన్నాలోని మిత్రుడు యాన్ ఇంగెన్‌హౌస్‌కు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. ఇంగెన్‌హౌస్ రాజవైద్యుడు, 1768లో ఆస్ట్రియా రాజకుటుంబానికి మశూచి టీకాలు వేసినవాడు, సూర్యకాంతిలో మొక్కలు ప్రాణవాయువును విడుదల చేస్తాయని 1779లో లోకానికి చెప్పినవాడు. ఆయనకు ఫ్రాంక్లిన్ రాసింది చిమ్నీల గురించి. గదిలోకి పొగ చిమ్మే చిమ్నీల జబ్బులకు కారణాలేమిటి, చికిత్స ఏమిటి అన్నదే విషయం. మరుసటి ఏడాది అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ తన సంపుటంలో దాన్ని అచ్చువేసింది.

ఆ ఉత్తరం నడిచిన తీరు వైద్యులకు సుపరిచితం. చిమ్నీలన్నీ ఒకే కారణం వల్ల పొగ చిమ్మవు కనుక ముందుగా కారణాలను విడదీసి చూడాలంటూ ఫ్రాంక్లిన్ తొమ్మిదింటిని వరుసగా చెబుతాడు. ఒక్కొక్కదానికి గుర్తు ఏమిటో, పరీక్ష ఏమిటో, ఉపాయం ఏమిటో వివరిస్తాడు. ఒక చిమ్నీకి పనిచేసిన ఉపాయం మరొకదానికి పనిచేయకపోవడానికి కారణం నిదానం తప్పడమేనని ఆయన వాదన.

వాటిలో ఎనిమిదో కారణం మంట లేని చిమ్నీకి సంబంధించింది. పక్క చిమ్నీ నుంచి వెలువడిన పొగ, వాడకంలో లేని గొట్టం పైమూతి నుంచి లోనికి దిగి గదిని నింపుతుంది. ఎందుకు దిగుతుందో ఫ్రాంక్లిన్ అంతకు ఇరవై ఏడేళ్ళ ముందే గమనించాడు. 1758 డిసెంబరులో బోస్టన్ వాసి జేమ్స్ బౌడిన్‌కు లండన్ నుంచి రాసిన ఉత్తరంలో, వేసవిలో మంట లేని చిమ్నీలో కూడా గాలి కదులుతూనే ఉంటుందని చెప్పాడు. రాత్రంతా పైకి, పగలంతా కిందికి. ఇటుకల కట్టడం త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. పగలు బయటిగాలి కంటే గొట్టం చల్లగా ఉంటుంది; లోపలి గాలి బరువెక్కి కిందికి జారుతుంది. రాత్రి ఇందుకు విరుద్ధం. ఎడతెగని ఆ గాలిలో తడిగుడ్డ చుట్టిన మాంసాన్ని వేలాడదీస్తే వేసవిలో కూడా చెడిపోకుండా ఉండవచ్చునని ఆయన ఒక సలహా కూడా ఇచ్చాడు.

నేటి పాత ఇళ్ళలో వేసవి మధ్యాహ్నం మూసిన పొయ్యి నుంచి మసివాసన రావడానికి కారణం ఇదే. ఆవిరి నిండిన బయటిగాలి చల్లని ఇటుకలను రాసుకుంటూ కిందికి దిగుతుంది. చెమ్మను పట్టుకోవడానికి ఆ ఇటుకలలో ఏదైనా సిద్ధంగా ఉంటే అది అక్కడే నిలుస్తుంది.

ఆ ఉత్తరంలోనే ఫ్రాంక్లిన్ తన ఓటమిని కూడా దాచకుండా చెప్పాడు. లండన్ సమీపంలోని ఒక మిత్రుడి ఇంటి చిమ్నీ ఏ ఉపాయానికీ లొంగలేదు. తనకు తెలిసిన కారణాలలో ఏదీ సరిపోలేదని ఆయన ఒప్పుకున్నాడు. తరువాత మనిషిని పైకెక్కించి చూస్తే గొట్టం నిండా పుల్లలు, గడ్డి, మట్టి, ఈకలు. ఇల్లు కొన్నేళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు పక్షులు గూడు కట్టుకున్నాయి. ఎంత అనుభవజ్ఞుడైనా కింద నిలబడి ఊహించినంత మాత్రాన సరిపోదని, పైకెక్కి చూడాలని ఆ కథ చెబుతుంది.

పొయ్యి మారింది, గొట్టం మారలేదు

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఇంటి పొయ్యి వేగంగా మారింది. 1744లో ఫ్రాంక్లిన్ తన ఇనుప పొయ్యిని వివరిస్తూ కరపత్రం వేశాడు. మసాచుసెట్స్‌లోని వూబర్న్‌లో 1753లో పుట్టి, స్వాతంత్ర్య సమరంలో ఇంగ్లండు పక్షం వహించి దేశం విడిచిన బెంజమిన్ థాంప్సన్, కౌంట్ రంఫర్డ్ అన్న బిరుదుతో 1796లో పొయ్యిల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. పొయ్యి లోతు తగ్గించి, పక్కగోడలను ఏటవాలుగా పెట్టి, గొంతును ఇరుకు చేస్తే పొగ తగ్గి వేడి పెరుగుతుందని నిరూపించాడు. ఆపై పోత ఇనుప స్టవ్‌లు వెల్లువెత్తాయి. పొయ్యి నోటిని పలకలతో మూసి, గోడకు గుండ్రని రంధ్రం చేసి, స్టవ్ గొట్టాన్ని పాత చిమ్నీలోకి దూర్చారు. స్టవ్ తీసివేసిన తరువాత ఆ రంధ్రాన్ని బొమ్మలు వేసిన రేకు మూతతో కప్పారు. దానిమీద కాలక్రమాన గోడకాగితం, గార, డ్రైవాల్ చేరాయి. పొయ్యి ఆనవాలే లేని మేడగది గోడమీద గుండ్రని మరక తేలితే, దాని వెనుక అటువంటి రంధ్రం ఉండే అవకాశం ఎక్కువ.

కట్టె తరువాత బొగ్గు వచ్చింది. గదికొక పొయ్యి పోయి నేలమాళిగలో ఒకే ఫర్నేస్ వచ్చింది. 1940లో అమెరికా జనగణన తొలిసారిగా ఇళ్ళ గణన కూడా చేపట్టి, ఏ ఇంధనంతో ఇల్లు వెచ్చబెట్టుకుంటున్నారని అడిగింది. నూటికి దాదాపు యాభై అయిదు ఇళ్ళు బొగ్గు అన్నాయి. ఇరవై మూడు కట్టె అన్నాయి. 1970 నాటికి బొగ్గు వాటా మూడు శాతం లోపుకు పడిపోయింది. గ్యాస్ వాటా యాభై అయిదు శాతానికి చేరింది. ఒక్క తరంలో ఇన్ని కోట్ల పొయ్యిలు మారాయి. వాటి పొగగొట్టాలు మాత్రం చాలా ఇళ్ళలో పాతవే.

పిట్స్‌బర్గ్ ఇందుకు మంచి ఉదాహరణ. పొగతో మధ్యాహ్నం వేళ వీధిదీపాలు వెలిగించుకున్న ఆ నగరం 1941లో పొగ నియంత్రణ చట్టం చేసింది. యుద్ధం కారణంగా అమలు వాయిదా పడి, పరిశ్రమలకు 1946లో, ఇళ్ళకు 1947లో వర్తించింది. యుద్ధకాలంలో చమురు కోసం వేసిన పెద్ద పైపులైన్లు ఆ తరువాత టెక్సస్ నుంచి సహజవాయువును తూర్పుకు మోయసాగాయి. నగరం ఆకాశం తేటపడింది. 1976లో ఆ నగరపు శివారు పెన్ హిల్స్‌లో శ్రీవేంకటేశ్వరాలయం వెలిసే నాటికి ఇంటి బొగ్గుపొయ్యి ఒక జ్ఞాపకమే. 1965 వలస చట్టం తరువాత వచ్చి ఆ పరిసరాలలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువారు ఆ బొగ్గు మంటను చూసి ఉండరు. దాని శేషాన్ని మాత్రం ఇంటితోపాటు కొనుక్కున్నారు.

బొగ్గు ఇచ్చిన ఉప్పు, గ్యాస్ ఇచ్చిన నీరు

ఆ శేషం ఏమిటో అర్థం కావడానికి తెలుగులో ఇప్పటికే ఒక మాట ఉంది: చవుడు. పాత మట్టిగోడల అడుగున తెల్లగా పూచి, వేలితో రాస్తే పొడిగా రాలే ఉప్పును పల్లెల్లో చవుడు దేరడం అంటారు. వానాకాలంలో జాడీలోని కల్లుప్పు దానంతటదే నీరు కారడం కూడా అందరూ ఎరిగినదే. జాడీ మీద వాన పడలేదు. ఉప్పే గాలిలోని ఆవిరిని పీల్చుకుంది. చిమ్నీ గోడలో జరిగేది కూడా అదే.

బొగ్గులో గంధకం, స్వల్పంగా క్లోరిన్ ఉంటాయి. మండినప్పుడు వెలువడిన ఆమ్లవాయువులు చల్లని గొట్టం గోడలమీద చెమ్మతో కలిసి, ఇటుకల నడుమ ఉన్న సున్నపు గారను తినివేస్తాయి. గంధకం నుంచి కాల్షియం సల్ఫేటు, క్లోరిన్ నుంచి కాల్షియం క్లోరైడు పుడతాయి. మొదటిది ఉబ్బి అతుకులను చీలుస్తుంది. రెండోది దాహం తీరని ఉప్పు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే గానీ శుద్ధమైన వంట ఉప్పు కరగదు. కాల్షియం క్లోరైడుకు 30 శాతం చాలు. చలికాలంలో వెచ్చబెట్టిన ఇంట్లో ఆర్ద్రత 30 శాతం కిందికి పడిపోవచ్చు; ఆగస్టులో 60 దాటుతుంది. మరక వేసవిలో తడిసి శీతాకాలంలో ఆరడంలోని మర్మం ఈ అంకెలలోనే ఉంది.

మరకకు గోధుమరంగు ఇచ్చేది మసి, తారు. లండన్ సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పర్సివల్ పాట్, చిమ్నీలు ఊడ్చే పనివారి వృషణచర్మానికి వచ్చే క్యాన్సరుకు ఈ మసే మూలమని 1775లో రాశాడు. వృత్తివల్ల వచ్చే క్యాన్సరును గుర్తించిన తొలి రచనలలో అది ఒకటి. తారులోని బెంజోపైరీన్‌ను శాస్త్రజ్ఞులు 1933లో వేరుచేశారు. గోడమీది మరకను చూసి భయపడవలసిన పని లేదు. గార చెక్కేటప్పుడు, మసి దులిపేటప్పుడు మాత్రం చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇక రెండో పాత్ర నీరు. సహజవాయువు నిర్మలమైన ఇంధనమన్నది నిజమే. అయితే అది మండితే నీరు పుడుతుంది. ఒక కిలో మీథేన్ మండితే రెండుంపావు కిలోల నీరు ఆవిరిగా వెలువడుతుంది. గ్యాస్ బిల్లు భాషలో ఒక థర్మ్‌కు నాలుగు లీటర్ల పైచిలుకు. బొగ్గు కోసం కట్టిన వెడల్పాటి చిమ్నీ గోడలు మండే బొగ్గు వేడికి ఎండిపోయేవి. గ్యాస్ పొగలో అంత వేడి లేదు. ఆవిరి గొట్టం లోపలే చల్లారి నీరై, పాత ఉప్పును కరిగించి, ఇటుకల గుండా గది వైపుకు మోసుకువస్తుంది. గది వైపు నీరు ఆవిరై పోతుంది, ఉప్పూ తారూ గారలో నిలిచిపోతాయి.

1980ల నుంచి ఈ కథ ఇంకొక మలుపు తిరిగింది. అధిక సామర్థ్యం గల కొత్త ఫర్నేసులు పొగలోని వేడిని దాదాపు పూర్తిగా పిండుకొని, మిగిలిన చల్లని పొగను ప్లాస్టిక్ గొట్టం ద్వారా పక్కగోడ నుంచి బయటికి పంపుతాయి. ఫర్నేస్ చిమ్నీని విడిచిపెట్టింది. పక్కనున్న వాటర్ హీటరు మాత్రం ఒంటరిగా ఆ పెద్ద గొట్టానికే అంటుకొని ఉండిపోయింది. ఈ రంగంలో పనిచేసేవారు దాన్ని అనాథ వాటర్ హీటరు అంటారు. దాని కొద్దిపాటి వేడి అంత పెద్ద గొట్టాన్ని వెచ్చబెట్టలేదు. పొగ పైకి లేవడం మందగిస్తుంది, గొట్టం లోపల నీరు కారుతుంది.

ఎప్పుడు తడుస్తోంది?

కనుక మరక ఎక్కడ ఉందన్న ప్రశ్నకంటే ఎప్పుడు తడుస్తోందన్న ప్రశ్న ముఖ్యం. రోగి చరిత్ర అడిగినట్లే గోడ చరిత్ర అడగాలి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, వాన, గాలి దిశ, గదిలోని ఆర్ద్రత, మరక స్థితి రెండు మూడు నెలలపాటు రాసిపెట్టుకుంటే సగం నిదానం అయినట్లే. ఆర్ద్రతను కొలిచే చిన్న యంత్రం హార్డ్‌వేర్ దుకాణంలో చవకగా దొరుకుతుంది.

వాన పడిన కొద్ది గంటలలోనే తడిస్తే, అందులోనూ గాలివాన తరువాత, దోషం పైన ఉంది: కప్పుకూ చిమ్నీకీ నడుమ ఉన్న ఫ్లాషింగ్ రేకు ఊడి ఉండవచ్చు, చిమ్నీ తలమీది సిమెంటు పలక పగిలి ఉండవచ్చు, గొట్టానికి మూతే లేకపోవచ్చు. వాన లేకుండా ఉక్కపోత రోజులలో తడిసి శీతాకాలంలో ఆరితే దోషం గోడలోని ఉప్పుది. గడ్డకట్టే చలిలో తడిస్తే ఆవిరి చల్లారడం వల్ల. అది గ్యాస్ పొగలోని ఆవిరి కావచ్చు, కన్నాల గుండా మూసిన గొట్టంలోకి చేరిన ఇంటిగాలి కావచ్చు. నేల నుంచి మూడడుగుల లోపే, ఏడాది పొడవునా తడిగా ఉంటే నేలచెమ్మను అనుమానించాలి. ఒకే ఇంట్లో రెండు కారణాలు కలిసి ఉండడం కూడా సాధారణమే. ఏళ్ళపాటు కారిన వాననీరే ఉప్పును బయటికి లాగి, కప్పు బాగుచేసిన తరువాత ఉప్పు తన పని తాను కొనసాగించడం తరచుగా కనిపిస్తుంది. అటువంటి చోట కప్పు పని వృథా అయిందనుకోవడం పొరపాటు.

పరీక్షలలో కూడా మోసపోయే అవకాశం ఉంది. గోడకు రెండు సూదులు గుచ్చి చెమ్మను చూపే మీటరు నిజానికి కొలిచేది విద్యుత్తు ప్రవాహాన్ని. ఉప్పు ఉన్న గోడలో కొద్దిపాటి చెమ్మకే విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది. గోడ నీళ్ళు కారుతున్నట్లు అంకె కనిపిస్తుంది. లేని జబ్బును ఉన్నట్లు చూపే రక్తపరీక్ష వంటిదే ఇది. అంతకంటే నమ్మదగిన పద్ధతి పాతది. మరక నుంచి ఒక గార ముక్క, దూరంగా శుభ్రమైన చోటు నుంచి ఇంకొకటి తీసి, ఎండబెట్టి తూచాలి. మూత బిగించిన డబ్బాలో తడి ఉప్పుముద్ద ఉంచితే లోపలి ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. రెండు ముక్కలనూ ఉప్పుకు తగలకుండా అందులో కొన్ని రోజులు ఉంచి మళ్ళీ తూచాలి. మరక ముక్క మాత్రమే స్పష్టంగా బరువెక్కితే ఉప్పు నేరం రుజువైనట్లే. వాన కారణమని అనుమానమైతే, పొడి రోజున గొట్టపు నీటితో చిమ్నీని కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ రావాలి. పైనుంచి మొదలుపెడితే ఏ అతుకు కారిందో తెలియదు.

చేయకూడని వైద్యం

తొందరపాటు వైద్యం జబ్బుకంటే ఎక్కువ హాని చేస్తుంది. మొదటి పొరపాటు, చిమ్నీని పైనా కిందా గాలి చొరకుండా బిగించి మూయడం. గాలి ఆడని గొట్టంలో చేరిన చెమ్మకు గది వైపు తప్ప దారి ఉండదు. వాన పడకుండా, గాలి ఆడేలా మూత పెట్టాలి. కింద పొయ్యి నోటి వద్ద చిన్న జాలీ ఉంచాలి.

రెండో పొరపాటు గట్టి సిమెంటు. అమెరికాలో పోర్ట్‌లండ్ సిమెంటు తయారీకి పెన్సిల్వేనియాలోని కోప్లేలో డేవిడ్ సేలర్ 1871లో పేటెంటు పొందాడు. అంతకుముందు నాటి ఇటుకలు మెత్తనివి, వాటి గార సున్నంతో చేసింది. సున్నపు అతుకు గుండా చెమ్మ బయటికి పోతుంది. అరిగిపోవలసి వస్తే ముందుగా అదే అరుగుతుంది. ఆ అతుకులను గట్టి సిమెంటుతో నింపితే చెమ్మ ఇటుకలోనే చిక్కుకుంటుంది. శీతాకాలంలో గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. చారిత్రక కట్టడాల విషయంలో నేషనల్ పార్క్ సర్వీస్ ఏళ్ళుగా ఇదే హెచ్చరిక చేస్తోంది.

మూడో పొరపాటు, మరకను గీకి రంగు వేయడం. ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకు పూర్వపు ఇంట్లో పొడిగా గీకితే సీసపు ధూళి నేలమీద పడుతుంది. పాకే పిల్లలు దాన్ని నోట పెట్టుకుంటారు. పసివారి మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తిరిగి పూడ్చలేనిది. గీకే ముందు సీసం పరీక్ష చేయించాలి. ఉప్పు పట్టిన గారను శిక్షణ పొందిన పనివారితో పూర్తిగా తీయించి, ఇటుకకు తగలకుండా ఖాళీ విడిచి కొత్త పలక బిగించడం మేలు. ఇటుకలో మిగిలిన ఉప్పు అలాగే ఉంటుంది. దానికి గదిలోని కొత్త గోడతో సంబంధం తెగుతుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు, వాడుకలో ఉన్న చిమ్నీని వాడుకలో లేనిదనుకోవడం. పైగదిలో పొయ్యి మూసి ఉండవచ్చు; అదే గొట్టానికి నేలమాళిగలో వాటర్ హీటరు కలిసి ఉండవచ్చు. అటువంటి చిమ్నీని మూస్తే, లేదా పక్షిగూడో రాలిన ఇటుకో అడ్డుపడితే, కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకే తిరుగుతుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు అమెరికాలో అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండానే ఏటా నాలుగు వందలకు పైగా ప్రాణాలు తీస్తోంది. తలనొప్పి, వికారం, నిస్సత్తువ దాని తొలి లక్షణాలు. ఫ్లూ అనుకొని పడుకుంటారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్ళగానే తగ్గితే అది ఫ్లూ కాదు. వెంటనే ఇల్లు విడిచి బయటినుంచి అత్యవసర సహాయానికి ఫోన్ చేయాలి. గ్యాస్ యంత్రం కలిసి ఉన్న చిమ్నీ గోడమీద శీతాకాలంలో చెమ్మ కనిపిస్తే, అది పొగ సరిగా పోవడం లేదనడానికి తొలి సూచన కావచ్చు. రంగు వేసేవాడి కంటే ముందు చిమ్నీ పరీక్షించేవాడిని పిలవాలి.

ఇంటి చరిత్ర తెలుసుకోవడానికి ఆధారాలు ఇంట్లోనే ఉంటాయి. పునాది గోడకు నేలమట్టాన చిన్న ఇనుప తలుపు ఉంటే అది బొగ్గు దింపిన దారి. పక్కగోడ నుంచి పొడుచుకువచ్చిన ఇనుప గొట్టం ఒకప్పటి నూనె తొట్టిది కావచ్చు. నేలమాళిగలో చిమ్నీ మొదట సిమెంటు పూసిన గుండ్రని మచ్చ ఫర్నేస్ తీసివేసిన చోటు. దాని పక్కన రేకు గొట్టం ఇంకా వెచ్చగా ఉంటే ఆ చిమ్నీ ఇంకా పనిచేస్తూనే ఉంది. మేడమీద మరకను చూసినవారు ముందుగా కిందికి దిగి వీటిని చూడాలి. ఫ్రాంక్లిన్ మిత్రుడి ఇంటి జబ్బుకు జవాబు చిమ్నీ కొసన దొరికింది. ఈ కాలపు ఇళ్ళ జవాబులలో సగం నేలమాళిగలో దొరుకుతాయి.